మహిళల చెస్ గ్రాండ్ ప్రి: నిలకడకు విలువిచ్చే సిరీస్, నెల్లూరు–ఒంగోలు అమ్మాయిలకు అందని ఆట

2025 ఏప్రిల్‌లో పుణెలో జరిగిన మహిళల గ్రాండ్ ప్రి టోర్నీలో తొమ్మిది రౌండ్లు ముగిసేసరికి కోనేరు హంపి, చైనాకు చెందిన ఝు జినెర్ ఏడేసి పాయింట్లతో సమానంగా నిలిచారు. టై బ్రేక్ లెక్కలో టైటిల్ హంపికి దక్కింది. పత్రికలు ఆ వార్తే వేశాయి, వేయాల్సిందే కూడా. అయితే అదే సాయంత్రం సిరీస్ పట్టికలో ఇంకో లెక్క నడిచింది. మొదటి స్థానానికి ఇచ్చే 130 పాయింట్లను, రెండో స్థానానికి ఇచ్చే 105ను కలిపి ఇద్దరికీ చెరి సగం పంచారు. ఒక్కొక్కరికి 117.5 వచ్చాయి. కప్పు ఒకరికే ఇచ్చినా, సిరీస్ మాత్రం ఇద్దరి కష్టాన్నీ ఒకేలా కొలిచింది.

ఈ సిరీస్ స్వభావమంతా ఆ పంపకంలోనే ఉంది. ఒక్క టోర్నీలో ఎవరు మెరిశారన్నదాని కంటే, నెలల తరబడి ఎవరు నిలకడగా ఆడారన్నదే ఇక్కడ చూస్తారు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కూతుళ్లకు చెస్ నేర్పిస్తున్న ఇళ్లు తక్కువేం లేవు. ఆ పిల్లలకు కోచింగ్ ఉంది, ఫోన్లో యాప్‌లున్నాయి, ఆదివారం టోర్నీలూ ఉన్నాయి. లేనిదేమిటో గ్రాండ్ ప్రి నిర్మాణాన్ని కాస్త దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

2024–25 సిరీస్‌నే తీసుకుందాం. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఇందుకోసం ఇరవై మందిని ఎంపిక చేసింది. టోర్నీలు ఆరు: త్బిలిసి, షిమ్కెంట్, మొనాకో, నికోసియా, పుణె, చివరిది ఆస్ట్రియాలో. ఒక్కో టోర్నీలో పది మంది ఆడతారు. ఒక్కో క్రీడాకారిణి ఆరింటిలో మూడే ఆడుతుంది. ప్రతి టోర్నీలోనూ అందరూ అందరితో ఆడాలి, కాబట్టి తొమ్మిది రౌండ్లు. మూడు టోర్నీల పాయింట్లూ కూడితే వచ్చేదే సిరీస్ స్థానం. మొదటి రెండు స్థానాలకు క్యాండిడేట్స్ టోర్నీలో చోటు దొరుకుతుంది. ఎనిమిది మంది ఆడే ఆ క్యాండిడేట్స్‌లో గెలిచిన అమ్మాయి ప్రపంచ ఛాంపియన్‌తో తలపడుతుంది.

ఒక్కో గేమ్ ఎంతసేపు సాగుతుందన్నది కూడా ముఖ్యమే. మొదటి 40 ఎత్తులకు 90 నిమిషాలు, ఆ తర్వాత మరో 30 నిమిషాలు, మొదటి ఎత్తు నుంచే ఎత్తుకు 30 సెకన్ల అదనం. ఇద్దరి టైమూ కలిపితే గేమ్ నాలుగు గంటలు దాటడం మామూలే, ఐదు గంటలకు చేరేవీ ఉంటాయి. మూడో గంట దాటాక అలసిన బుర్రతో ఏనుగు ఎండ్‌గేమ్‌ను, అంటే ఏనుగులూ కొన్ని బంట్లూ మాత్రమే మిగిలిన ఆట చివరి దశను, తప్పు లేకుండా నడపడం వేరే విద్య. అది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు, అలాంటి గేములు కూర్చుని ఆడితేనే పట్టుబడుతుంది.

అసలు ఇలాంటి సిరీస్ అవసరం ఎందుకొచ్చింది? మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ చాలా ఏళ్లు నాకౌట్ పద్ధతిలో జరిగింది. 64 మంది వస్తారు. ఇద్దరి మధ్య రెండు గేములు. సమమైతే తక్కువ టైముతో ఆడే ర్యాపిడ్, అప్పటికీ తేలకపోతే నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్. ఓడినవాళ్లు ఇంటికి. చూడ్డానికి ఉత్కంఠగానే ఉంటుంది గానీ, ఒక్క పూట తలనొప్పి వచ్చినా రెండేళ్ల కష్టం గంగలో కలుస్తుంది. 2012లో రష్యాలోని ఖాంతీ మాన్‌సిస్క్‌లో సరిగ్గా ఇదే జరిగింది. అప్పటి ఛాంపియన్, చైనాకు చెందిన హౌ యిఫాన్, ఆమెకు గట్టి పోటీగా భావించిన హంపి, ఇద్దరూ రెండో రౌండులోనే వెనుదిరిగారు. ఉక్రెయిన్‌కు చెందిన అన్నా ఉషెనినా ఛాంపియన్ అయింది. ఆమె గెలుపును తక్కువ చేయాల్సిన పని లేదు, బోర్డు మీద గెలిచే తీసుకుంది. కానీ లోకంలో అత్యంత బలమైన క్రీడాకారిణిగా అందరూ ఒప్పుకున్న అమ్మాయి ఒక్క చిన్న మ్యాచ్‌తో కిరీటం పోగొట్టుకోవడం చాలామందికి మింగుడుపడలేదు.

ఆ లోటును సరిదిద్దింది గ్రాండ్ ప్రియే. అప్పటి ఏర్పాటు ప్రకారం ఒక ఏడాది నాకౌట్, మరో ఏడాది ఛాంపియన్‌కూ గ్రాండ్ ప్రి విజేతకూ మధ్య మ్యాచ్. 2011–12 సిరీస్ హౌ యిఫాన్‌దే. దాంతో ఉషెనినాతో ఆడే హక్కు ఆమెకు దక్కింది. 2013లో చైనాలోని తైఝౌలో జరిగిన ఆ మ్యాచ్‌ను 5.5–1.5తో గెలిచి కిరీటం తిరిగి తెచ్చుకుంది. తర్వాత కథ మళ్లీ అదే దారిలో నడిచింది. 2015 నాకౌట్‌లో మరియా ముజిచుక్ ఛాంపియన్ అయింది, 2013–14 గ్రాండ్ ప్రి గెలిచి ఉన్న హౌ యిఫాన్ 2016లో ఉక్రెయిన్‌లోని ఎల్వీవ్‌లో ఆమెను ఓడించింది. ఇప్పటి ప్రపంచ ఛాంపియన్ జు వెన్‌జున్‌కు కూడా తొలి అవకాశం ఇచ్చింది 2015–16 గ్రాండ్ ప్రియే. ఆ సిరీస్ గెలిచిన అర్హతతోనే 2018లో అప్పటి ఛాంపియన్ తాన్ ఝోంగ్యితో మ్యాచ్ ఆడింది, గెలిచింది. ఆ తర్వాత టైటిల్ చేజారనివ్వలేదు.

అలాగని నాకౌట్ పనికిరాదనడం సరికాదు. 2025 జులైలో జార్జియాలోని బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్‌లో నాగ్‌పూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్ పెద్ద పెద్ద వాళ్లను దాటుకుంటూ వచ్చి ఫైనల్లో హంపిని టై బ్రేక్‌లో ఓడించి కప్పు పట్టుకుపోయింది. చెస్‌లో అన్నిటికంటే పెద్దదైన గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా దాంతోనే వచ్చింది. పేరు లేని అమ్మాయి ఒక్కసారిగా పైకి రావాలంటే అలాంటి టోర్నీ ఉండాలి. అయితే అలా వచ్చిన అమ్మాయి పైన నిలబడడానికి, ఇంకా పదును తేలడానికి సమ ఉజ్జీలతో పదే పదే ఆడే చోటు కావాలి. దివ్య విషయంలోనూ అదే కనిపిస్తుంది. బటూమికి మూడు నెలల ముందు పుణె గ్రాండ్ ప్రిలో మూడో స్థానంలో నిలిచింది ఆమే.

ఇక హంపి సంగతి. గ్రాండ్ ప్రి మొదటి సిరీస్ 2009లో ఇస్తాంబుల్‌లో మొదలైంది, ఆ తొలి టోర్నీ విజేత హంపి. 2009–11 సిరీస్‌లో రెండో స్థానం. 2011–12లో రెండో స్థానం. 2013–14లో, 2015–16లో, 2019–21లో కూడా రెండో స్థానమే. వరుసగా ఐదు సిరీస్‌లు! మన దగ్గర దీన్ని తరచూ దురదృష్టం కింద జమకడతారు. ‘పాపం, మళ్లీ రెండోదే’ అంటారు. ఈ లెక్కను కాస్త నిదానంగా చూడాలి. పన్నెండేళ్ల పాటు పైన ఉన్నవాళ్లు మారారు. మూడుసార్లు హౌ యిఫాన్, ఒకసారి జు వెన్‌జున్, ఇంకోసారి రష్యాకు చెందిన అలెగ్జాండ్రా గోర్యాచ్‌కినా. రెండో స్థానంలో ఉన్న పేరు మాత్రం మారలేదు. ప్రపంచ మహిళల చెస్‌లో ఇంత నిలకడ చూపినవాళ్లు చాలా అరుదు. నాకౌట్‌లు మాత్రమే ఉండి ఉంటే ఈ నిలకడ ఏ రికార్డులోనూ కనిపించేది కాదు.

పైగా ఆ రెండో స్థానాలు ఉత్తినే పోలేదు. మొదటి సిరీస్ ముగిసేసరికి విజేత హౌ యిఫాన్ అప్పటికే ప్రపంచ ఛాంపియన్. తనతో తాను ఆడలేదు కదా, ఛాలెంజర్ అవకాశం రెండో స్థానంలో ఉన్న హంపికి వచ్చింది. 2011 నవంబరులో అల్బేనియా రాజధాని టిరానాలో ఆ మ్యాచ్ జరిగింది. హంపి ఓడిపోయింది, 2.5–5.5. గుడివాడలో పుట్టిన అమ్మాయి ప్రపంచ కిరీటం కోసం ముఖాముఖి కూర్చున్న సందర్భం అది. అక్కడిదాకా తీసుకెళ్లింది రెండేళ్లలో కూడబెట్టిన పాయింట్లు.

2019–21 సిరీస్ ఇంకా ఆసక్తికరం. పెళ్లి, ఆ తర్వాత 2017లో పాప. ఆటకు దాదాపు రెండేళ్లు దూరంగా ఉండి తిరిగొచ్చిన హంపి, 2019 సెప్టెంబరులో రష్యాలోని స్కోల్కొవోలో జరిగిన సిరీస్ తొలి టోర్నీనే గెలిచింది. డిసెంబరులో మొనాకోలో ముగ్గురు సమానంగా నిలిస్తే అందులో ఒకరు హంపి, టై బ్రేక్‌లో టైటిల్ రష్యా క్రీడాకారిణి అలెగ్జాండ్రా కొస్తెనియుక్‌కు వెళ్లింది. అదే నెలాఖరున మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్. కరోనా రోజుల్లో మిగతా టోర్నీకి వెళ్లలేకపోయినా ఆ రెండింటి పాయింట్లతోనే సిరీస్‌లో రెండో స్థానం, క్యాండిడేట్స్‌కు అర్హత వచ్చాయి. బిడ్డ తల్లి తిరిగి ఆటలోకి రావడానికి, ఒక టోర్నీ తప్పినా పట్టికలో నిలబడడానికి వీలున్న పద్ధతి ఇది. ఆడవాళ్ల ఆటను నిర్వహించేవాళ్లెవరైనా ముందుగా గమనించాల్సింది ఈ వెసులుబాటునే.

గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక పేరూ ఇక్కడ చెప్పుకోవాలి. 2016లో చెంగ్డూ గ్రాండ్ ప్రి గెలిచింది ఆమె. నాకౌట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో 2012, 2015, 2017ల్లో వరుసగా మూడు కాంస్యాలు. దేశాల జట్లు తలపడే చెస్ ఒలింపియాడ్ 2024లో బుడాపెస్ట్‌లో జరిగింది, అందులో భారత మహిళల జట్టు బంగారు పతకం గెలిచినప్పుడు మొదటి బోర్డు మీద ఆడింది కూడా హారికే. భారత మహిళా గ్రాండ్‌మాస్టర్లలో, అంటే పురుషులతో సమానమైన పూర్తి హోదా ఉన్నవాళ్లలో, హంపి, హారిక, వైశాలి, దివ్య నలుగురుంటే ఇద్దరు కోస్తాంధ్ర వాళ్లు.

మరి గుడివాడ, గుంటూరు దాటి దక్షిణానికి వస్తే? ఒంగోలు, సింగరాయకొండ, కావలి, నెల్లూరు, గూడూరు. అన్నీ ఒకే రైల్వే లైను మీద ఉన్న ఊళ్లు. ఒక చివర హారిక పుట్టిన గుంటూరు ప్రాంతం, ఇంకో చివర దేశానికే చెస్ రాజధాని అనిపించుకున్న చెన్నై. నెల్లూరు నుంచి చెన్నైకి 175 కిలోమీటర్ల దూరం. ఇంత మంచి చోట ఉండి కూడా ఈ రెండు జిల్లాల నుంచి అంతర్జాతీయ స్థాయిలో వినిపించిన అమ్మాయి పేరు చెప్పమంటే తడుముకోవాల్సి వస్తుంది. పిల్లల్లో తెలివి లేకనో తల్లిదండ్రులకు శ్రద్ధ లేకనో అనుకుంటే పొరపాటే. వాళ్లు ఆడుతున్న ఆట తీరు చూడాలి.

ఆదివారం ఒంగోలులో జరిగే మామూలు టోర్నీ ఎలా ఉంటుందో ఈ దారిలో తిరిగే తల్లిదండ్రులందరికీ తెలుసు. స్కూలు హాలో, కల్యాణమండపమో. పొడవాటి బల్లల మీద చుట్ట చుట్టి తెచ్చిన వినైల్ బోర్డులు పరిచి, ప్లాస్టిక్ పావులు పేర్చి ఉంటాయి. ‘పెయిరింగ్ పడింది’ అన్న కేక, అంటే ఎవరు ఎవరితో ఆడాలో తేలిందన్న మాట, వినగానే పిల్లలంతా గోడ మీది కాగితం దగ్గరికి పరుగు. పావుగంట ఆట, ఎత్తుకు ఐదు సెకన్లు. ఎనిమిదేళ్ల పాప తనకంటే జానెడు పొడుగున్న పదో తరగతి కుర్రాడి ఎదుట కూర్చుంటుంది. పది నిమిషాల్లో బయటికొస్తుంది. ‘ఏమైందమ్మా?’ అని తల్లి. ‘ఓడిపోయా.’ ‘ఎక్కడ తప్పు చేశావు?’ పాప దగ్గర జవాబు ఉండదు. ర్యాపిడ్‌లో ఎత్తులు రాయడం తప్పనిసరి కాదు కాబట్టి స్కోర్‌షీట్ లేదు. సాయంత్రం కోచ్ సార్‌కు చూపించడానికి గేమే లేదు. ఇంత కష్టపడి ఆడిన ఆట పాపకు తిరిగి పాఠంగా అందకుండా పోతుంది. ఈ ఒక్క విషయం మీద మన దగ్గర తగినంత ఆందోళన లేకపోవడం బాధాకరం.

ఈ ఆదివారం టోర్నీల్లో వాడే స్విస్ పద్ధతి ఇంకో చిక్కు తెస్తుంది. సమాన పాయింట్లున్నవాళ్లను జత చేయడం దాని సూత్రం. వంద మందికి పైగా వచ్చినచోట ఏడెనిమిది రౌండ్లలో విజేతను తేల్చడానికి అంతకంటే మంచి దారి లేదు. కానీ నడిమి స్థాయిలో ఉన్న అమ్మాయి కోణం నుంచి చూస్తే, మొదటి రౌండులో నిన్న మొన్న నేర్చుకున్నవాడు, రెండో రౌండులో బాగా రేటింగ్ (ఆట బలాన్ని కొలిచే అంకె) ఉన్న అన్న, మూడో రౌండులో మళ్లీ తేలికైన ఆట. నిజంగా తన స్థాయి ఉన్నవాళ్లతో రోజంతా కలిపి ఒకటి రెండు గేములు దక్కితే గొప్ప. ఎవరితో ఆడాలో పది నిమిషాల ముందు తెలుస్తుంది కాబట్టి, ప్రత్యర్థి గేములు చూసి సిద్ధమవడం అన్న అలవాటే పుట్టదు. గ్రాండ్ ప్రిలో పది మంది పేర్లూ, తెల్లపావులెప్పుడో నల్లపావులెప్పుడో కూడా టోర్నీ మొదలయ్యేటప్పటికే తెలుస్తాయి. రాత్రి కూర్చుని రేపటి ఆట గురించి ఆలోచించడం ఆ ఆటలో సగం.

గ్రాండ్ ప్రిలోలా గంటల తరబడి ఆడే క్లాసికల్ టోర్నీలు లేవని కాదు, ఉన్నాయి. చెన్నైలోనో విజయవాడలోనో హైదరాబాదులోనో జరుగుతాయి. నాలుగైదు రోజులు పడుతుంది. ఎంట్రీ ఫీజు, లాడ్జి, తిండి, తోడు వెళ్లే తండ్రికో తల్లికో సెలవు. నెల్లూరు వాళ్లు పినాకిని రైలు ఎక్కి చెన్నైలో దిగగలరు. కనిగిరి, పొదిలి వైపు వాళ్లు ముందు ఒంగోలు చేరడమే ఒక ప్రయాణం. ఇంట్లో ఇద్దరు పిల్లలు ఆడుతుంటే, ఖర్చు ఒక్కరికే పెట్టగలిగిన పరిస్థితుల్లో ఎవరిని పంపుతారన్నది ఊహించడం కష్టం కాదు. అబ్బాయిని. ‘ఆడపిల్లను అన్ని రోజులు ఎక్కడ ఉంచుతాం’ అన్న మాట వెంటనే వస్తుంది. ఆ భయాన్ని తప్పుపట్టలేం. దాన్ని తగ్గించే ఏర్పాటు చేయకుండా అమ్మాయిలు రావడం లేదని అనడమే తప్పు.

పదో తరగతి దగ్గర అసలు గండి పడుతుంది. అండర్-9, అండర్-11 విభాగాల్లో కళకళలాడే అమ్మాయిల వరుస అండర్-15 వచ్చేసరికి పలచబడిపోతుంది. తర్వాత ఇంటర్, రెసిడెన్షియల్ క్యాంపస్, నెలకోసారి ఇంటికి. నెల్లూరు చదువుల ఊరు, ఈ ఒత్తిడి ఇక్కడ ఇంకాస్త ఎక్కువే. హంపి గ్రాండ్‌మాస్టర్ అయింది 2002లో, పదిహేనేళ్ల వయసులో. అప్పటికి అది ప్రపంచంలో ఏ అమ్మాయికైనా అతి చిన్న వయసు రికార్డు. ఆ వయసుకే మన అమ్మాయిలు బోర్డు అటక మీద పెట్టేస్తున్నారు. హంపి తండ్రి ఉద్యోగం మానుకుని కూతురికి కోచ్ అయ్యారు. అలా అందరూ చేయలేరు. అందరూ అలా చేయాల్సిన అవసరం లేని ఏర్పాటు ఒకటి కావాలి.

గ్రాండ్ ప్రి నుంచి తీసుకోగలిగింది ఆ ఏర్పాటే. దానికి స్పాన్సర్ల లక్షలు అక్కర్లేదు. పుణె లాంటి టోర్నీకి బహుమతి మొత్తం 80,000 యూరోలు, అది వాళ్ల స్థాయి. మన స్థాయిలో లెక్క వేసుకుంటే ఆరుగురు అమ్మాయిలు అందరూ అందరితో ఆడితే ఐదు రౌండ్లు, పదిహేను గేములు. మూడు బోర్డులు, మూడు క్లాకులు, ఒక గది, ఆటను పర్యవేక్షించే ఒక ఆర్బిటర్ చాలు. ఇద్దరికీ 1800 లోపు రేటింగ్ ఉన్నప్పుడు, 60 ఎత్తుల లెక్కన ఒక్కొక్కరికి కనీసం 60 నిమిషాలు ఉంటే ఫిడే దాన్ని క్లాసికల్ ఆటగానే చూస్తుంది. అంటే అరగంట టైమూ, ఎత్తుకు అరనిమిషం అదనమూ ఇస్తే సరిపోతుంది. ఐదు రౌండ్లూ శని, ఆదివారాల్లో ముగుస్తాయి. ప్రతి గేమూ స్కోర్‌షీట్ మీద ఉంటుంది.

అలాంటి టోర్నీలు ఏడాదికి నాలుగు. ఒకటి నెల్లూరులో, ఒకటి కావలిలో, ఒకటి ఒంగోలులో, ఒకటి మార్కాపురంలో. మార్కాపురం కావాలనే చెప్పాల్సి వస్తోంది, లేకపోతే ప్రతిదీ నెల్లూరు–ఒంగోలు రైలు లైను మీదే ఆగిపోతుంది, పడమటి ఊళ్ల అమ్మాయిలు ఎప్పుడూ ప్రయాణం చేసేవాళ్లుగానే మిగిలిపోతారు. ఏ స్థానానికి ఎన్ని పాయింట్లో ముందే ప్రకటించాలి, సమానంగా నిలిస్తే పుణెలోలా పంచాలి. ట్రోఫీల కోసం పెట్టే ఖర్చులో సగం తగ్గించి, బయటి ఊరి నుంచి వచ్చే అమ్మాయికీ తోడు వచ్చిన తల్లికీ రాత్రి బసకు పెడితే ఇందాకటి ‘ఎక్కడ ఉంచుతాం’ అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. గేములన్నీ ఒకచోట చేర్చి ఆడిన అమ్మాయిలందరికీ అందుబాటులో పెట్టాలి. ఫలానా అమ్మాయి నల్లపావులతో ఎప్పుడూ సిసిలియన్ అనే ఆరంభ ఎత్తుల వరుసే ఆడుతుందని ఎదుటి అమ్మాయికి తెలియాలి, తెలుసని ఈ అమ్మాయికి కూడా తెలియాలి. ఆట అక్కణ్నుంచే పెరుగుతుంది.

నాలుగింటిలో ఏ మూడైనా లెక్కలోకి తీసుకుంటామన్న నిబంధన మాత్రం వదులుకోకూడదు. పదో తరగతి, ఇంటర్ అమ్మాయిలకు మార్చిలో పరీక్షలుంటాయి, మార్చికి దగ్గర్లో ఉన్న టోర్నీకి వాళ్లు రాలేరు. మిగతా వాటిని దసరా సెలవుల్లో ఒకటి, సంక్రాంతి సెలవుల్లో ఒకటి, పరీక్షలయ్యాక ఎండాకాలంలో ఒకటి పెడితే హాస్టల్ పిల్లలు కూడా మూడూ ఆడగలరు. ఆ నిబంధన ఒక్కటి ఉంటే, ‘ఈ ఏడాది చదువు, వచ్చే ఏడాది చూద్దాం’ అని పేరు కొట్టేయించుకోవాల్సిన అవసరం అమ్మాయికి రాదు.